సముద్రాన్ని మడిచి... కవర్లో పెట్టి!

ఎరుపు, తెలుపు గళ్లు నాలుగు. చదరంగం బల్లలో ఓ మూల కత్తిరించి తెచ్చినట్టు ఉంటుందా జెండా. ఓడ బొమ్మతో గ్రీటింగ్‌ కార్డు చేద్దామని కూర్చున్న పిల్లలకి ఇట్టే నచ్చేస్తుంది. గీయడం తేలిక, రంగు వేయడం ఇంకా తేలిక. దాన్ని అట్ట మీద అతికించి, కింద 'హ్యాపీ జర్నీ నాన్నా' అని రాసి, రేపోమాపో ఓడెక్కబోతున్న నాన్న చేతిలో పెడితే... ఆయన మురిసిపోతాడు, సందేహం లేదు. కాకపోతే లోలోపల ఓ నవ్వు కూడా నవ్వుకుంటాడు. ఎందుకంటే ఓడల భాషలో ఆ జెండాకి అర్థం, 'మీరు ప్రమాదంలోకి వెళుతున్నారు' అని!

పోనీ, అది తీసేసి ఇంకోటి పెడదామా? చుట్టూ నీలం అంచు, లోపల తెలుపు, నట్టనడుమ ఎర్రటి చదరం. ఇదీ అందంగానే ఉంటుంది. కానీ ఇదేమో 'మాకు వైద్యసాయం కావాలి' అంటుంది. శుభమా అని బయల్దేరేవాడికి ఇచ్చే మాటేనా ఇది!

ఇప్పుడు ఆ రెండింటినీ ఒకే తాడుకి కట్టండి. పైన గళ్ల జెండా, దాని కింద ఎర్ర చదరం జెండా. అంతే, అర్థం మొత్తం మారిపోయింది. 'మీ ప్రయాణం హాయిగా సాగాలని కోరుకుంటున్నాం.' ఇంగ్లిషు అక్షరాల్లో చెప్పాలంటే మొదటిది యు, రెండోది డబ్ల్యూ. ఏ దేశపు ఓడలో ఏ భాష మాట్లాడే నావికుడైనా చదవగల శుభాకాంక్ష అది. సముద్రం బొమ్మతో కార్డు చేయాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు.

రాసే ఓపిక లేక పుట్టిన కార్డు

నిజానికి గ్రీటింగ్‌ కార్డు పుట్టిందే చేత్తో రాసే పని తప్పించుకోవడానికి. లండన్‌లో హెన్రీ కోల్‌ అనే పెద్దమనిషి ఉండేవాడు. 1840లో బ్రిటన్‌లో పెన్నీ తపాలా మొదలవడం వెనక ఆయన కష్టమూ ఉంది. చవగ్గా ఉత్తరాలు రాసుకోవచ్చనేసరికి అందరూ రాయడం మొదలెట్టారు. క్రిస్మస్‌ వచ్చేసరికి కోల్‌గారి బల్ల మీదా ఉత్తరాల గుట్ట! అన్నిటికీ జవాబు రాయలేక, 1843లో జాన్‌ కాల్‌కాట్‌ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి అచ్చు కొట్టించాడు. తను వాడుకోగా మిగిలినవి ఒక్కోటి షిల్లింగుకి అమ్మకానికి పెట్టారు. అప్పట్లో అది చిన్న మొత్తమేం కాదు.

ఆ తర్వాత కథ మనకి తెలిసిందే. డిసెంబరు మూడోవారం వచ్చిందంటే కిరాణా కొట్టు ముందు కూడా కార్డుల స్టాండు వెలిసేది. వచ్చిన కార్డులన్నీ దారానికి గుచ్చి, ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి దండలా కట్టేవాళ్లు. ఎవరింట్లో దండ పొడుగైతే వాళ్లకంత పలుకుబడి. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ దండలు తెగిపోయాయి. ఒకరు పంపిన శుభాకాంక్షనే చూడకుండా మరో పాతికమందికి పంపేసే రోజులివి.

మరి ఇప్పుడు కూర్చుని కార్డు చేయడం ఎవరికోసం? మిగతావాళ్ల మాట ఎలా ఉన్నా, సముద్రం మీద ఉండేవాళ్ల కోసం మాత్రం చేయొచ్చు. సరకు రవాణా ఓడల్లో పనిచేసేవాళ్లు ఒకసారి ఎక్కితే నెలల తరబడి ఇంటి మొహం చూడరు. 2020లో కరోనా వచ్చి రేవులు మూసేసినప్పుడైతే, ఒప్పందం గడువు ముగిసినా దిగే దారిలేక దాదాపు నాలుగు లక్షలమంది నావికులు ఓడల్లోనే చిక్కుబడిపోయారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క కట్టింది. ఆర్నెల్లకని వెళ్లినవాళ్లు ఏడాది దాటినా రాలేదు. ఇప్పుడు చాలా ఓడల్లో ఉపగ్రహ ఇంటర్నెట్‌ ఉంది. వీడియోలో పిల్లల మొహాలూ చూసుకోవచ్చు. కానీ ఫోను ఆపేస్తే ఆ మొహం పోతుంది. కార్డు పోదు. పడుకునే మంచం పక్కన గోడ మీద అలాగే ఉంటుంది. అన్నట్టు, ఓడల్లో గదుల గోడలు చాలావరకు ఇనుప రేకువే. కార్డుతోపాటు ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ముక్క ఒకటి జతచేస్తే, గమ్ముతో పనిలేకుండా అంటించుకుంటారు.

గవ్వలపెట్టెలో 'నన్ను మరువకు'

నావికుల కానుకల్లో అన్నిటికన్నా పేరున్నది ఓ చెక్కపెట్టె. పేరు 'సెయిలర్స్‌ వాలెంటైన్‌'. ఎనిమిది పలకల పెట్టె, పుస్తకంలా తెరుచుకుంటుంది. లోపల రెండువైపులా గింజల్లాంటి చిన్నచిన్న గవ్వలు వందలకొద్దీ పేర్చి ఉంటాయి. ఒకవైపు గుండె ఆకారం, మరోవైపు దిక్సూచి నక్షత్రం. మధ్యలో గవ్వలతోనే అక్షరాలు... 'నన్ను మరువకు', 'మళ్లీ ఇంటికి' అంటూ.

వీటి గురించి చాలాకాలం ఓ కమ్మటి కథ చెప్పుకునేవారు. తిమింగిలాల వేటకెళ్లిన నావికులు నడిసముద్రంలో పొద్దుపోక, ఇంటిదగ్గర ఎదురుచూసే ప్రియురాలి కోసం ఒక్కో గవ్వా ఏరి అతికించేవారని. వినడానికి బాగానే ఉంది కదా? అయితే ఊగే ఓడలో, మినపగింజంత గవ్వలు పెట్టి, జిగురు ఆరేదాకా కదలకుండా చూడటం ఎలా సాధ్యమని ఎవరికీ అనుమానం రాలేదు. తీరా పరిశోధకులు చూస్తే గవ్వల్లో ఎక్కువభాగం వెస్టిండీస్‌ తీరానివి. ఓ పాత పెట్టె బాగుచేస్తుంటే గవ్వల కింద పరిచిన కాగితం బయటపడింది. అదేమో బార్బడోస్‌ పత్రిక! రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో ఓ వింతవస్తువుల దుకాణంలో వీటిని అమ్మేవారని ఆ తర్వాత తేలింది. అక్కడి మనుషులు చేసేవారు, రేవులో దిగిన నావికులు కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లేవారు. 1830ల నుంచి ఓ అర్ధశతాబ్దం పాటు సాగిందీ వ్యాపారం.

కథ పోయింది. అయినా పెట్టెలకి విలువ తగ్గలేదు. ఇవాళ మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. నావికుడు చేశాడా, కొన్నాడా అన్నది పక్కనపెడితే, 'మళ్లీ ఇంటికి' అన్న పెట్టెని ఏరికోరి కొన్నది మాత్రం అతనే కదా.

నావికులు నిజంగా చేత్తో చేసినవీ ఉన్నాయి. ఉన్ని బొమ్మలు! పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్‌ నావికులు తెరచాప గుడ్డ ముక్క మీద రంగురంగుల ఉన్నితో తాము పనిచేసే ఓడని కుట్టేవాళ్లు. సూదీదారం వాళ్లకి కొత్త కాదు. చిరిగిన తెరచాప, చిరిగిన చొక్కా రెండూ తామే కుట్టుకోవాలి మరి. ఆ బొమ్మల్లో మనుషులు బొమ్మజెముళ్లలా ఉండొచ్చు. సముద్రం గళ్లదుప్పటిలా ఉండొచ్చు. కానీ కొయ్యలకి కట్టిన తాళ్లు మాత్రం ఎన్ని ఉండాలో అన్నీ ఉంటాయి, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి. కార్డు చేసేవాళ్లు నేర్చుకోవాల్సింది అదే. బొమ్మ వంకరైతే ఫర్వాలేదు, తాడు తప్పు కాకూడదు.

గాజు, బెండకాయ, పురికొస

కావలసిన సరంజామా కోసం బజారుకి పరుగెత్తక్కర్లేదు. బీరువా మీద ఎక్కడో పాత శుభలేఖల కట్ట ఉంటుంది, దించండి. అంత దళసరి, నునుపైన అట్ట కొనాలంటే ఖరీదే. అచ్చు లేని వెనకవైపు చాలు. ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే వచ్చేంత కొలత కార్డుకి సరిపోతుంది.

ముందు అలలు. వీటిని కత్తెరతో కోయకండి. నున్నగా తెగిన నీలం కాగితం అలలా ఉండదు, ప్లాస్టిక్‌ బకెట్‌ ముక్కలా ఉంటుంది. పాత వారపత్రికల్లో నీలం, ఆకుపచ్చ రంగున్న పేజీలు తీసుకుని చేత్తో మెల్లగా చించండి. చినిగిన రెండు ముక్కల్లో ఒకదాని అంచు వెంట తెల్లటి గీత వస్తుంది చూశారా, అదే నురగ. అలాంటి ముక్కలు నాలుగైదు, ముదురు రంగు కిందకీ లేతది పైకీ ఉండేలా ఒకదాని మీద ఒకటి అతికిస్తూ పోండి. అంచు వరకూ జిగురు పూయకుండా కాస్త వదిలేస్తే అలలు పైకి లేచినట్టుంటాయి.

పాత సముద్రపటం కావాలంటే టీ డికాక్షన్‌ ఉందిగా. తెల్లకాగితాన్ని నలిపి, సాపుచేసి, చల్లారిన డికాక్షన్‌ దూదితో అద్ది నీడలో ఆరబెట్టాలి. ముడతల్లో రంగు చిక్కగా దిగి వందేళ్ల నాటి కాగితంలా తయారవుతుంది. ఆరాక మీద గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే చదునుగా వస్తుంది. దాని మీద తీరం గీత, ఓ దిక్సూచి నక్షత్రం. పాత పటాల్లో ఉత్తరం వైపు పువ్వులాంటి గుర్తు పెట్టేవారు, అదీ గీయొచ్చు. కాగితం అంచులు కాల్చమని కొందరు సలహా ఇస్తారు. పిల్లలున్న ఇంట్లో ఆ ముచ్చట వద్దు. ముదురు డికాక్షన్‌ అంచులకి ఇంకోసారి రాస్తే అదే రంగు వస్తుంది.

అన్నిటిలోకీ పిల్లలు ఎగిరి గంతేసేది ఓడ కిటికీ. ఇది గుండ్రంగా ఉంటుంది. కార్డు ముందువైపు అమ్మ గాజు పెట్టి గీసి, ఆ గుండ్రాన్ని కత్తిరించేయండి. దానికన్నా కాస్త పెద్ద గాజుతో మరో అట్టమీద గీసి కోస్తే చుట్టూ అతికించే చట్రం వస్తుంది. పంచింగ్‌ మిషన్‌లోంచి రాలే చుక్కలు ఎనిమిది తీసుకుని చట్రం మీద సమదూరంలో పెడితే అవే బోల్టులు. చీరల డబ్బా మీద ఉండే పారదర్శకపు ప్లాస్టిక్‌ ముక్క అద్దం. దాని వెనక ఒత్తుగా ఉండే ఫోమ్‌ టేపు చుట్టూ, సందు లేకుండా అంటించి, చిటికెడు జల్లించిన పొడి ఇసుక వేసి, చేపల బొమ్మ ఉన్న అట్టతో మూసేయాలి. కార్డు ఊపితే ఇసుక సముద్రం అడుగున కదులుతుంది. ఇసుక దొరకలేదని ఉప్పు వేసేరు! తేమకి ముద్దకట్టి అద్దానికి అంటుకుపోతుంది. బొంబాయి రవ్వ వేస్తే చీమలకి పండగ.

నక్షత్రచేపకి బెండకాయ ఉంది. ఐదు పలకలున్నది చూసి అడ్డంగా కోసి, రంగులో అద్ది కాగితం మీద ఒత్తండి. లంగరుకి బంగాళాదుంప. సగానికి కోసి, లంగరు ఆకారం మిగిలేలా చుట్టూ చెక్కేసి ఒత్తితే ఒక్క దుంపతో యాభై కార్డులు. దుంపని కోశాక తడి తుడవడం మర్చిపోతే మాత్రం రంగు పాకిపోతుంది.

తాడుకి పురికొసని మించింది లేదు. కిరాణా కొట్టులో పొట్లం కట్టే ఆ జనపనార దారమే చిన్న కొలతలో ఓడ తాడులా కనిపిస్తుంది. రెండు ముక్కల్ని ముడి వేసి కార్డు మధ్యలో అతికించాలి. అయితే ఏ ముడి? ఇక్కడే ఉంది కిటుకు. మొదటిసారి కుడిచేతి కొసని ఎడమదాని మీదుగా వేశారనుకోండి, రెండోసారి ఎడమచేతి కొసని కుడిదాని మీదుగా వేయాలి. అప్పుడు రెండు ఉచ్చులు ఒకదాన్నొకటి కౌగిలించుకున్నట్టు చక్కగా, చదునుగా కుదురుతాయి. రెండుసార్లూ ఒకేవైపు వేస్తే ముడి వంకర తిరుగుతుంది, లాగితే జారుతుంది. మనకి రెండూ ఒకటే. ముళ్లతోనే బతికేవాడికి మాత్రం కార్డు తెరవకముందే తేడా కనిపిస్తుంది. ఇంకో అందమైన ముడి ఉంది. ఒక తాడుకి మామూలు ముడి వేసి, బిగించకుండా, ఆ ఉచ్చులోంచి రెండో తాడు దూర్చి దానికీ అలాంటిదే వేయడం. పాశ్చాత్య నావికులు దాన్ని ప్రేమముడి అంటారు. పెళ్లిరోజు కార్డుకి ఇంకేం కావాలి!

గవ్వలు అతికిద్దామని అనిపించడం సహజం. కార్డుకి అవి బరువు. కవర్లో నలిగి పగులుతాయి కూడా. పైగా పగడాలు, సముద్రగుర్రాలు, కొన్ని రకాల శంఖాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికొస్తాయి. ఏది ఆ జాబితాలో ఉందో బీచ్‌లో నిలబడి చెప్పడం కష్టం. ఖాళీ గవ్వ అనుకున్నది ఏ సన్యాసి పీత ఇల్లో కూడా కావొచ్చు. కాగితంతో చేసిన గవ్వలు చాలు.

'అమ్మ' అని జెండాల్లో రాస్తే...

ఇక జెండాల దగ్గరికి వద్దాం. ఓడల మధ్య సంకేతాలకి ఇప్పుడున్న అంతర్జాతీయ పద్ధతి 1969 నుంచి అమల్లో ఉంది. అక్షరాలకి ఇరవయ్యారు జెండాలు, అంకెలకి పది, ఇవికాక 'అర్థమైంది' అని చెప్పే పతాక ఒకటి, ప్రత్యామ్నాయ జెండాలు మూడు. ఒక్కో అక్షరానికి ఒంటరిగా ఓ అర్థం ఉంటుంది, జంటగా ఇంకో అర్థం. నీలం మధ్యలో తెల్ల చదరం ఉంటే పి. 'ఓడ బయల్దేరబోతోంది, అందరూ ఎక్కేయండి' అని. ఊరికి వెళ్లేవాళ్లకి ఇచ్చే కార్డుకి సరిగ్గా సరిపోతుంది. పూర్తిగా పసుపు రంగుదైతే క్యూ. 'ఓడలో అందరం ఆరోగ్యంగా ఉన్నాం, రేవులోకి అనుమతించండి' అని అడుగుతుంది. జబ్బుపడి లేచినవాళ్లకి పంపితే అంతకన్నా చమత్కారం ఉండదు. పైనుంచి కిందకి నీలం, తెలుపు, ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు ఉంటే సి, అంటే 'అవును'. పెళ్లిచూపుల తర్వాత ఎవరైనా వాడుకోవచ్చు! నీలం, తెలుపు గళ్లు నాలుగు వరుసల్లో ఉంటే ఎన్‌. అంటే 'కాదు'. ఈ రెండూ విడివిడిగా ఎంత మామూలు మాటలో చూశారుగా. ఎన్‌ పైన, సి కింద పెట్టి కడితే మాత్రం 'ఆపదలో ఉన్నాం, వెంటనే సాయం కావాలి' అని కేక. అందంగా ఉన్నాయని జెండాలు ఎలాపడితే అలా గుచ్చకూడదనేది ఇందుకే.

కార్డుకి తగిన పేరు కావాలంటే 'అమ్మ' రాయండి. ఎ, ఎమ్‌, ఎమ్‌, ఎ. మొదటిది పాముకోరల్లా చీలిన అంచున్న తెలుపు-నీలం జెండా. రెండోది నీలం మీద తెల్లటి ఇంటూ గుర్తు. అక్కడితో ఓడలో జెండాలు అయిపోతాయి. ఎందుకంటే ఒక్కో అక్షరానికి సాధారణంగా ఒక్కటే జెండా ఉంటుంది. మరి మళ్లీ ఎమ్‌ ఎలా? దానికే త్రికోణాకారపు ప్రత్యామ్నాయ జెండాలు. రెండో ప్రత్యామ్నాయం 'పైనుంచి రెండో జెండానే మళ్లీ చదువు' అంటుంది, మొదటి ప్రత్యామ్నాయం 'మొదటిదే మళ్లీ చదువు' అంటుంది. అంటే అమ్మ అని రాయడానికి రెండే అక్షరాలు చాలు, మిగతా రెండూ వాటినే తలుచుకుంటాయి. 1857లో బ్రిటన్‌ తయారుచేసిన తొలి వాణిజ్య సంకేతావళిలో అయితే ఈ పేరు రాయడం కుదిరేదే కాదు. అందులో పద్దెనిమిది జెండాలే, అచ్చులు లేవు. ఉంటే నావికులు బూతులు కట్టేస్తారని భయపడ్డారట!

జెండాలతో మాట్లాడటంలో ఉన్న ఇబ్బంది ఎలాంటిదో తెలియాలంటే 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్‌ యుద్ధం మొదలయ్యే ముందు జరిగింది చూడాలి. తన సైన్యానికి ఓ మాట చెప్పాలనుకున్నాడు నెల్సన్‌. ప్రతి ఒక్కరూ విధి నిర్వర్తిస్తారని ఇంగ్లాండు 'నమ్ముతోంది' అని ఎగరేయమన్నాడు. సంకేతాల అధికారి పాస్కో అడ్డుపడ్డాడు. ఆ మాట సంకేతాల పుస్తకంలో లేదు, ఒక్కో అక్షరం కట్టుకుంటూ పోవాలి, టైం లేదు, 'ఆశిస్తోంది' అయితే పుస్తకంలో ఉంది అన్నాడు. నెల్సన్‌ సరేనన్నాడు. చరిత్రలో నిలిచిపోయిన ఆ సందేశంలో ఓ మాట అలా మారిపోయింది. తమాషా ఏంటంటే 'విధి' అన్న మాట కూడా ఆ పుస్తకంలో లేదు. దాన్ని మాత్రం అక్షరం అక్షరం కట్టారు.

పట్టేసే తప్పులు

దుకాణాల్లో అమ్మే కార్డుల్లోనూ కనిపించే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. తెరచాపలు ముందుకి ఉబ్బి ఉంటాయి, కొయ్య చివర జెండా మాత్రం కారు మీది జెండాలా వెనక్కి ఎగురుతుంటుంది. గాలి వెనకనుంచి వీస్తేనే కదా చాప ముందుకి ఉబ్బేది? అలాంటప్పుడు జెండా కూడా ముందుకే ఎగరాలి. పొగగొట్టం ఉన్న ఓడైతే పొగా జెండా ఒకేవైపు పోవాలి. రాత్రిపూట ఓడ గీస్తే ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు పచ్చదీపం. ఇక్కడ ఎడమ కుడి అంటే ఓడలో నిలబడి ముందుకి చూసేవాడివి. ఓడ మనకేసి వస్తున్నట్టు గీస్తే కార్డు మీద ఎరుపు మన కుడిచేతివైపు రావాలి. నౌకాదళం జెండా గీసేవాళ్లు పాత పుస్తకాలు చూడొద్దు. అడ్డంగా, నిలువుగా ఎర్రగీతలుండే పాత జెండాని 2022 సెప్టెంబరులో మార్చేశారు. ఇప్పుడు మూలన మువ్వన్నెలు, పక్కన నీలి అష్టభుజిలో లంగరు ఉంటాయి.

లంగరు సంగతీ వింతే. తాడు చుట్టుకున్న లంగరు ఎన్నో నౌకాదళాల చిహ్నాల్లో, కార్డుల్లో కనిపిస్తుంది. నిజం ఓడలో లంగరుకి తాడు అలా చుట్టుకుందంటే నావికుడు తల పట్టుకుంటాడు. అయినా ఇదొక్కటీ తప్పు కింద లెక్కకట్టనక్కర్లేదు.

మన ఓడలేం తక్కువ?

కార్డు అనగానే తెల్లటి పడవ, ఎర్ర-తెలుపు చారల లైట్‌హౌస్‌ గీసేస్తాం. అవి ఎక్కడో చూసిన బొమ్మలు. మన తీరానికి సొంత బొమ్మలు బోలెడున్నాయి. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంటుంది. దాన్ని కార్డు మీదికి తేవడం చాలా తేలిక. టీపొడి ప్యాకెట్‌లో వచ్చే వెండిరంగు రేకు కాగితాన్ని నాలుగు మడతల న్యూస్‌పేపర్‌ మీద పరిచి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో వెనకవైపు నుంచి ఓడ గీయండి. ముందువైపు ఉబ్బెత్తుగా వస్తుంది. రెండు కొయ్యలు, కింద చేపల్లా రెండు గీతలు, చుట్టూ గుండ్రంగా కోస్తే నాణెం సిద్ధం. కాస్త నల్లరంగు పూసి తుడిస్తే గుంటల్లో మిగిలి పాతదనం వస్తుంది.

బాపట్ల జిల్లా మోటుపల్లి పేరు ఎంతమందికి తెలుసో గానీ, ఒకప్పుడు అది పెద్ద రేవు. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకి దారితప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరకుని రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట అలా ఉండదు, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని సముద్ర వర్తకులకి రాతిమీద మాటిచ్చాడు. తుపానులో చిక్కినవాడికి 'భయపడకు' అని చెప్పడాన్ని మించిన శుభాకాంక్ష ఏముంటుంది? డికాక్షన్‌ కాగితం మీద రాతి స్తంభం, వెనక చిన్న ఓడ. పరీక్షలకి వెళ్లే పిల్లలకైనా పనికొచ్చే కార్డు అది.

కొత్త ఓడలు కావాలంటే విశాఖ ఉంది. స్వతంత్ర భారతంలో తయారైన తొలి పెద్ద ఓడ 'జల ఉష' 1948 మార్చి 14న అక్కడే నీళ్లలోకి దిగింది, నెహ్రూ చేతుల మీదుగా. బీచ్‌రోడ్డులో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి అయితే పిల్లలకి గీయక్కర్లేకుండానే వస్తుంది. నల్లకాగితంలో పొడవాటి దోసకాయ ఆకారం కోసి, పైన చిన్న బుడిపె పెట్టడమే.

ఇవన్నీ ఒక ఎత్తు, జాలరి తెప్ప ఒక ఎత్తు. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టడమే తెప్ప అంటే. మేకు ఉండదు. పుల్ల ఐస్‌ తిన్నాక పుల్లలు పారేయకండి. నాలుగు కడిగి ఆరబెట్టి, మధ్యవి కొంచెం ముందుకి జరిపి, రెండుచోట్ల దారంతో అల్లినట్టు కడితే తెప్ప తయారు. తెడ్డుకి అగ్గిపుల్ల. పోస్టులో పంపే పనైతే పుల్లలకి బదులు అట్టముక్కలు వాడటం మంచిది.

చివరిగా కత్తి పడవ

ఎంత మురిపెంగా చేసినా కార్డు లోపల నాలుగు మాటలు లేకపోతే ఏముంది? అచ్చు కార్డుల్లోలా ఇంగ్లిషు పద్యం ఎత్తిరాయకుండా, ఇంట్లో సంగతులు రాయడమే మేలు. పెరట్లో మామిడి పూత పడిందని, చంటిదానికి ముందుపన్ను ఊడిందని, మోటారు రిపేరు మళ్లీ మొదటికొచ్చిందని. సముద్రం మధ్య మనిషికి అవే కావాలి.

వాటిని రాసేందుకో చక్కటి దారి ఉంది. వానాకాలంలో అందరం చేసిందే... కాగితం పడవ! ఏ4 కాగితంలో నాలుగోవంతు ముక్క తీసుకుని, ఒకవైపు సన్నటి అక్షరాలతో ఉత్తరం రాసి, రాత లోపలికి ఉండేలా మామూలు పడవ మడవండి. అక్కడక్కడా ఓ అక్షరం బయటికి తొంగిచూస్తే చూడనివ్వండి. పడవని చదునుగా నొక్కి, వెనకవైపు ఒకేఒక్క చుక్క జిగురుతో చించిన అలల మధ్య నిలపాలి. అందుకున్నవాళ్లు దాన్ని ఊడదీసి, మడతలు విప్పితేనే ఉత్తరం. చదివాక మళ్లీ అదే మడతల మీద మడిస్తే పడవ. కత్తి పడవ చేయడం వచ్చినవాళ్లు అదే చేయొచ్చు, విప్పేవాళ్లకి ఇంకాస్త పని.

పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఫోమ్‌ టేపు, ఇసుక ఉన్న కార్డుని పోస్టాఫీసులో తూకం వేయించి బిళ్లలు అంటించాలి. కవరుకి రెండువైపులా అట్టముక్కలు పెట్టాలి, ముద్రగుద్దే దెబ్బకి కిటికీ అద్దం నిలబడాలి కదా. ఓడకి నేరుగా ఉత్తరం చేరదు. కంపెనీ కార్యాలయం ద్వారానో, ఓడ చేరబోయే రేవులో ఉండే ఏజెంటు ద్వారానో వెళ్తుంది. ఈలోగా ఓడ ముందుకెళ్లిపోతే కార్డు వెనకబడి ఇంకో రేవుకి చేరొచ్చు. అందుకే చాలామంది ఇళ్లలో ఓడెక్కేముందే సూట్‌కేసులో చొక్కాల మధ్య దాచేస్తుంటారు. పుట్టినరోజుకొకటి, పండక్కొకటి, మీద తేదీలు రాసి 'ఆరోజే తెరవాలి' అని ఒట్టుపెట్టి మరీ. ఏప్రిల్‌ 5 జాతీయ సముద్రయాన దినోత్సవం, జూన్‌ 25 ప్రపంచ నావికుల దినోత్సవం, డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. ఇంట్లో నావికుడు లేకపోయినా, వీధిలో ఎవరో ఒకరు ఉంటే ఆ రోజుల్లో పంపొచ్చు.

పోస్టులో పంపేవి ఒకటికన్నా ఎక్కువుంటే కవరు వెనక మూలన చిన్నగా ఒకటి, రెండు, మూడు అని అంకె వేయడం మరిచిపోవద్దు. మూడోది ముందు, మొదటిది ఆఖర్న చేరడం సముద్రం మీద మామూలే. మోటారు బాగైందన్న కబురు ముందొచ్చి, పాడైందన్న కబురు తర్వాతొస్తే... పాపం, అక్కడివాళ్లు ఏమనుకోవాలి!